నున్నబడిన వంతెనలు

జూలై 6, ఆదివారం

మబ్బుల మధ్య కాపురముంటున్న మా ఆడపడుచు గారి సముఖానికి,

నువ్వు చెప్పినట్టే నిన్న సాయంత్రం మీ ఆటల క్లబ్బుకు వెళ్ళాను. వెళ్ళకపోతే కొండ దిగొచ్చి మరీ సాధిస్తావని తెలుసు. మీ అన్నయ్యను కూడా లాక్కుపోయాను. ఆయన సంగతి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఎవరో ఆట ఎలా ఆడాలో వివరిస్తుండగానే కుర్చీలో కునుకు తీశారు, బిస్కెట్లు వచ్చినప్పుడు లేచారు.

నిజం చెప్పొద్దూ, ఫర్నిచర్ షాపు పక్క మెట్లెక్కుతుంటే ఇంటికి పారిపోదామనిపించింది. పైనుంచి నవ్వులు వినబడుతున్నాయి. ఒకళ్ళనొకళ్ళు ఏళ్ళ తరబడి ఎరిగినవాళ్ళ నవ్వులు. నువ్వు ఖాళీ చేసిన ఇంట్లోకి మేం దిగినప్పటి నుంచి ఈ ఊళ్ళో నేను చూస్తున్నది పళ్ళనే. మనుషుల్ని కాదు, ఒట్టి పళ్ళని. డాక్టర్లు అచ్చులు పంపుతారు, నేను కట్టుడు పళ్ళు చేసి పంపుతాను. అవి పెట్టుకుని నవ్వేవాళ్ళు ఎవరో, ఎలా ఉంటారో నాకు తెలియదు. అలాంటిదాన్ని ఒక్కసారిగా పదిమందిలో పడేశావు.

మీ ప్రెసిడెంటు, అదే, బస్సు కండక్టరుగా రిటైరైన ఆయన, గుమ్మంలో నన్ను చూసి “లోపలికి జరగండమ్మా, లోపల బోలెడు ఖాళీ ఉంది” అన్నాడు. ఉద్యోగం వదిలినా ఆ మాట వదల్లేదు. వెంటనే తాళాలక్క వచ్చి నా చెయ్యి పట్టుకుని నీ కుర్చీలో కూర్చోబెట్టింది. తాళాల షాపు నడిపే ఆడమనిషిని నేను ఇదే చూడటం. “నువ్వేం చేస్తావు” అంది. చెప్పాను. “అయితే నువ్వు పళ్ళమ్మవి” అంది. అంతే, హాలు మొత్తానికి నేను పళ్ళమ్మనైపోయాను.

వంతెనలాట నేర్పింది. జంటగా ఆడాలట. ఒకరు చూడకుండా సంచిలో చెయ్యి పెట్టి చెక్కబిళ్ళ తీస్తారు, రెండోవాళ్ళు దాన్ని బల్ల మీద పేరుస్తారు, ఇద్దరూ మాట్లాడుకోకూడదు. రోడ్లు వేసుకుంటూ ఏరు దాటి అవతలి గట్టు చేరాలి. రోడ్డు బిళ్ళలు బోలెడు, ఏటి బిళ్ళలు కొన్ని, వంతెన బిళ్ళలు మాత్రం నాలుగే. నీ బదులు నేను పేర్చాను. ఎంత అధ్వాన్నంగా పేర్చానంటే, ఒక రోడ్డును తిప్పి తిప్పి అది బయల్దేరిన చోటికే తెచ్చాను. అయినా గెలిచాం. కావాల్సినప్పుడల్లా ఆవిడ చేతికి వంతెన వస్తుంది. సంచిలో చెయ్యి పెట్టి, కళ్ళు పైకెత్తి, కాసేపు తడిమి తీస్తుంది. ఆవిడ హస్తవాసి అలాంటిదని అందరూ అన్నారు.

ఆ సంచి అవతారం చూసి మాత్రం నా ప్రాణం ఉసూరుమంది. నా సంగతి తెలుసుగా, పాడైంది కనబడితే చెయ్యి ఊరుకోదు. అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. వచ్చే నెల మీ క్లబ్బు పెట్టే ఆటల మేళా లోపు బాగుచేసి అందరి కళ్ళూ చెదిరేలా చేస్తాను చూడు.

స్వెట్టర్ వేసుకుంటున్నావా? వేసుకోవు. తెలుసు.

ఇట్లు,
నీ బదులు కూర్చున్న వదిన

జూలై 9, బుధవారం

పళ్ళ వదినకు,

రేషన్ వ్యాను కింద ఆగి ఉంది. బియ్యం బస్తాలు దించేలోపు ఈ ఉత్తరం అయిపోవాలి, లేకపోతే మళ్ళీ బుధవారం దాకా ఆగాలి. ఈ కొండ మీది వాతావరణ కేంద్రంలో ఫోను పనిచేయదు. వైర్‌లెస్ ఉందిగానీ దాంట్లో గాలివేగం, వానలెక్క తప్ప ఇంకేం చెప్పినా ఆపరేటరు గారు ఒప్పుకోరు. ఆయన నాతో కూడా వాతావరణమే మాట్లాడతారు. ఎదురుగా వాన కురుస్తుంటే “వాన పడుతోందండీ” అంటారు. పొద్దున్నే నేను బెలూను వదులుతాను, అది పైకి పోతుంది, నేను ఇక్కడే ఉంటాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తాళాలక్క నిన్ను నా కుర్చీలోనే కూర్చోబెట్టిందా? మంచిదే. ఎవరో ఒకరు కూర్చోవాలిగా. నువ్వు కాబట్టి సరిపోయింది.

సంచి బాగుచేస్తానన్నావు, వెయ్యేళ్ళు వర్ధిల్లు. దాని అడుగు చిరిగి ఎన్నాళ్ళయిందో. ఓసారి వంతెన బిళ్ళ అందులోంచి జారిపడి బల్ల కింద దొరికింది, దాని కోసం మాతో ఆడే బ్యాంకు క్యాషియరు గారు పాకుతూ వెతికాడు. గట్టి దారంతో రెండు వరసలు కుట్టెయ్.

ఒక్క మాట. తాళాలక్క సంచిలో తడుముతూ ఆలస్యం చేస్తే తొందరపెట్టకు. అది ఆవిడ పద్ధతి. ఈ ఊరికి నేను ఒంటరిగా ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, గదికి తాళం వేసి తాళంచెవి లోపలే వదిలేసి వీధిలో నిలబడితే, వచ్చి తలుపు తీసి, టీ ఇప్పించి, శనివారం క్లబ్బుకు రమ్మన్న మనిషి. ఆ రోజు నుంచి నేను ఒంటరిని కాదు. మేళాలో మా జంట ఎప్పుడూ గెలుస్తూనే ఉంది. గెలిచినవాళ్ళ పేర్లు రాసే చెక్క పలకను చూశావా, దాని నిండా మేమే. ఈసారి నీ పేరు రాస్తారేమో.

హారన్ కొడుతున్నాడు.

తడిబట్టల మధ్య నుంచి,
మీ మరదలు

జూలై 20, ఆదివారం

స్వెట్టర్ వేసుకోని మరదలికి,

పోయిన వారం పని ఎక్కువై రాయలేదు. ఎవరో పెద్దాయన నవ్వుతుంటే పళ్ళు ఊడి బావిలో పడ్డాయట. పాపం, అంత నవ్వు ఏమొచ్చిందో అడగాలనిపించింది.

సంచి పని అయిపోయింది. నువ్వు చెప్పాక చిరుగు కూడా కుట్టాను, రెండు వరసలు. నిన్న తీసుకెళ్ళి బల్ల మీద కుమ్మరించగానే అందరూ నోరెళ్ళబెట్టారు. కండక్టరు గారైతే “కొత్త బస్సులా ఉందమ్మా” అన్నాడు. ఇన్నాళ్ళకి నా చేతిపనిని నా కళ్ళ ముందే ఒకరు మెచ్చుకున్నారు. ఎంత పొంగిపోయానో మీ అన్నయ్యను అడుగు. ఆయన నిన్న నిద్రపోలేదు.

కాకపోతే ఒక చిక్కు. నీ స్నేహితురాలికి నిన్న ఏదో అయింది. నేను ఈసారి బుద్ధిగా పేరుస్తున్నాను, ఏటి గట్టు దాకా వెళ్ళి నిలబడ్డాను, వంతెన రావాలి. ఆవిడ చెయ్యి పెట్టింది, తడిమింది, ఎప్పటికన్నా ఎక్కువసేపు తడిమింది. రోడ్డు బిళ్ళ వచ్చింది. మళ్ళీ రోడ్డు. మళ్ళీ రోడ్డు. అన్ని ఆటలూ ఓడిపోయాం. క్యాషియరు గారు మొదటిసారి గెలిచి, కుర్చీ ఎక్కి దండం పెట్టాడు. ఆవిడ నవ్వింది కానీ, మధ్యమధ్య తన వేళ్ళకొసలు చూసుకుంటూ ఉంది. ఏమిటని అడిగితే “ఏమో, మొద్దుబారినట్టున్నాయి” అంది.

ఒంట్లో బాగాలేదేమో. నీకేమైనా తెలుసా? నాకు ఈ ఊళ్ళో స్నేహితురాలు అనదగ్గ మనిషి ఆవిడొక్కతే. నిన్న వచ్చేటప్పుడు నా టిఫిన్ డబ్బా మూత బిగుసుకుపోతే తీసి ఇచ్చింది. అంతకన్నా ఏం కావాలి చెప్పు.

మెచ్చుకోలు పొందిన,
వదిన

జూలై 23, బుధవారం

వదినా,

వేళ్ళకొసలు మొద్దుబారడమంటే తమాషా అనుకుంటున్నావా? మా ఆఫీసులో ఒకాయనకు అలాగే మొదలై కలం పట్టుకోలేకపోయాడు. ఆవిడ బతుకంతా ఆ వేళ్ళ మీదే ఉంది. వెంటనే నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. తనంతట తను వెళ్ళదు, జ్వరమొచ్చినా షాపు తీసే రకం. నేను చెప్పానని చెప్పు. మొండికేస్తే, నా మీద ఒట్టని చెప్పు.

ఆవిడ ఓడిపోయిందంటే నేను నమ్మలేకపోతున్నాను. నేను లేక దిగులు పెట్టుకుందేమో కూడా కనుక్కో. ఆ మాట మాత్రం నేను అడగమన్నానని చెప్పకు.

మేళా సంగతి ఏమిటి? ఆగస్టు మూడో వారమేగా? వంతెనలాట నేర్పే బల్ల ప్రతిసారీ మాదే. నేనెలాగూ రాలేను. ఆవిడ కూడా లేకపోతే ఆ బల్ల దగ్గర ఎవరుంటారు?

ఇక్కడ మూడు రోజులుగా మబ్బు కిటికీలోంచి గదిలోకి వచ్చి కూర్చుంటోంది. అతిథి అనుకుని ఊరుకున్నాం.

కంగారుగా,
మరదలు

ఆగస్టు 3, ఆదివారం

మరదలికి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే నా మీద అరుస్తావు, ఆ ఆపరేటరు గారు ఉరుమనుకుని రాసేసుకుంటాడు.

నువ్వు చెప్పావు కదాని తాళాలక్క షాపుకు వెళ్ళాను. వీధి చివర, కుట్టుమిషన్ల షాపుకీ గోడకీ మధ్య ఇరుక్కున్న గదే కదా. గోడ నిండా తాళంచెవులు వేలాడుతున్నాయి, ఫ్యాను తిరిగితే అన్నీ గలగలమంటాయి. డాక్టరు మాట ఎత్తగానే ఆవిడ మొహం మారిపోయింది.

“నా వేళ్ళకి రోగమని ఎవరన్నారు?”

“మా మరదలు కంగారు పడుతోంది.”

ఒక పెద్ద తాళంకప్ప తీసుకుని, కళ్ళు మూసుకుని, రెండు తీగముక్కలతో నేను ఊపిరి పీల్చి వదిలేలోపు తీసి బల్ల మీద పెట్టింది. “వెళ్ళి దానికి చెప్పు” అంది. ఇంకేం చెబుతాను, తోక ముడిచి వచ్చేశాను.

అయినా నిన్న క్లబ్బుకు వచ్చింది. మళ్ళీ ఓడిపోయాం. మళ్ళీ క్యాషియరు గారు గెలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు, గెలుపు తలకెక్కింది అంతే. అందరూ వినేలా అన్నాడు: “పళ్ళమ్మ గారు బిళ్ళల గంట్లూ పెచ్చులూ పూడ్చి నున్నగా చేసేసరికి అక్కగారి ఆట కట్టింది. ఇన్నాళ్ళూ హస్తవాసి అనుకున్నాం, చేతివాటమన్నమాట.”

అందరూ నవ్వారు. నాకు అర్థమయ్యేలోపు నేనూ నవ్వేశాను.

తాళాలక్క నవ్వలేదు. సంచి తాడు బిగించి బల్ల మీద పెట్టి లేచింది. “ఈ ఊళ్ళో జనం ఊరెళ్తూ ఇంటి తాళాలు నాకిచ్చి పోతారు. ఆ చేతిని నువ్వు ఆ మాటన్నావు” అంది. గట్టిగా కూడా అనలేదు. మెట్లు దిగిపోయింది. వెనకాలే పరిగెత్తాను. కింద, షాపువాళ్ళు బయట పెట్టిన సోఫా మీద కూర్చుని ఉంది.

“వాడి మీద నాకు కోపం లేదు పళ్ళమ్మా. నిజం నువ్వు చెప్పు. నువ్వు నున్నగా చేశాక నాకు వంతెన దొరకడం లేదు. అంటే ఇన్నేళ్ళూ నా వేళ్ళు గుర్తుపట్టి తీస్తున్నాయనే కదా? నేను అదృష్టమనుకుంటున్నాను, అవి నాకు చెప్పకుండా దొంగపని చేస్తున్నాయి.”

పంటి మీద వెంట్రుకవాసి గరుకు ఉంటే నాలుక రోజంతా దాన్నే వెతుక్కుంటుందని అందరికీ చెప్పేదాన్ని నేనే. ఆ సంగతి వేళ్ళకూ వర్తిస్తుందని నాకు తట్టలేదు. ఒక వంతెన టీలో పడి ఉబ్బింది, ఒకదాని మూల ఎవరి పిల్లాడో కొరికాడు, ఇంకోదానికి అగ్గిపుల్ల తగిలింది, నాలుగోదానికి పగులు. నాలుగింటినీ నేనే నింపి, సానబెట్టి, మెరుగుపెట్టాను.

మేళాకు రానంది. పలక మీద మీ పేర్లు చెరిపేయమని కండక్టరు గారికి కబురు పంపింది. నేనేం చేయను చెప్పు?

నీ,
వదిన

ఆగస్టు 6, బుధవారం

వదినా,

బిళ్ళలు సానబెట్టావా? సంచి కుడుతున్నావనుకున్నాను. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చూశాను, సంచి బాగుచేస్తానని రాశావు కానీ బిళ్ళలని ఎక్కడా రాయలేదు. రాసి ఉంటే ఆ బుధవారమే వద్దనేదాన్ని.

ఎవరడిగారు నిన్ను? నీకు ప్రపంచంలో ఏది కనబడినా కట్టుడు పళ్ళలాగే కనబడుతుంది. అరిగిపోయింది కదాని అన్నీ నున్నగా చేసేయడమేనా? నా ఇంట్లో ఉన్నావు, నా కుర్చీలో కూర్చున్నావు, నా స్నేహితురాలు నీకు డబ్బా మూత తీసి ఇచ్చిందని మురిసిపోయావు. ఇప్పుడు ఆవిడ మన ఇద్దరికీ లేకుండా పోయింది.

పేర్లు చెరపమందా? అందులో ఒక పేరు నాది. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ గెలుపులు గెలుపులు కాకపోతే ఆ శనివారాలన్నీ ఏమిటి మరి?

క్యాషియరుకు చెప్పు, నేను దిగిరాగానే ఆయన సంగతి చూస్తాను.

మరదలు

ఆగస్టు 10, ఆదివారం

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం అందింది. ఇన్నాళ్ళకి ఆడపడుచు అనిపించుకున్నారు. సంతోషం.

నేను ఎవరి కుర్చీలోకీ ఎగబడి ఎక్కలేదు. నువ్వు పొమ్మంటే పోయాను. పోయాక బాగుందనిపించింది, అదీ తప్పేనేమో నాకు తెలియదు. శనివారం వస్తుందంటే బుధవారం నుంచీ నాకు హుషారుగా ఉండేది. పళ్ళు చేసుకుంటూ ఏ బిళ్ళ ఎక్కడ పేర్చాలో ఆలోచించుకునేదాన్ని. అది పోగొట్టుకున్నది నువ్వొక్కదానివే కాదు.

నిన్న ల్యాబులో సర్దుతుంటే మా అసిస్టెంటు ఒక అట్టపెట్టె తెచ్చి “ఈ అచ్చులు ఎవరి నోటివండీ, పారేయనా” అంది. చూద్దును కదా, వంతెనలాట బిళ్ళల అచ్చులు. మా పనిలో ఏ సెట్టు రిపేరుకు వచ్చినా ముందు ఉన్నదున్నట్టు అచ్చు తీసి, ఆ తర్వాతే చెయ్యి వేస్తాం. పాతది ఎలా కుదిరి ఉండేదో తెలియకపోతే కొత్తది నోట్లో నిలవదు. బిళ్ళలకూ అలవాటుకొద్దీ తీసేశానన్నమాట, తీసిన సంగతే మరిచిపోయాను. ఉబ్బు, కొరుకుడు, కాలిన మూల, పగులు, అన్నీ అందులో ఉన్నాయి.

ఏం చేస్తానో ఇంకా తెలియదు. నీకు చెప్పి చేస్తే మళ్ళీ ఎవరడిగారంటావు.

వదిన

ఆగస్టు 13, బుధవారం

వదినా, వదినా,

ఈ ఉత్తరం నీకు ఎప్పుడు అందుతుందో. కింద మలుపులో కొండచరియ విరిగి దారి మీద పడింది. వ్యాను అవతలి వైపే ఆగితే వంటాయన నడిచి వెళ్ళి నీ ఉత్తరం తెచ్చాడు. ఆయనతో పంపడానికి నా జవాబు అప్పటికి రాయలేదు, ఇక దారి తీశాకే తీసుకెళ్తారట.

పోయినసారి రాసిన దాంట్లో మొదటి మాట నుంచి చివరి మాట దాకా కొట్టేసి చదువుకో. నాకు ఒళ్ళు మండింది నీ మీద కాదు. మీరందరూ అక్కడ ఉన్నారు, పోట్లాడుకోవడానికైనా ఎదురుబొదురుగా ఉన్నారు, నాకు ఇక్కడ గాలివేగం తప్ప ఏమీ లేదు. నాకు అసూయ వేసింది. నువ్వు ఆ హాల్లో నవ్వావని రాసినప్పుడల్లా సంతోషమూ వేసింది, కడుపులో మండింది కూడా. రెండూ నిజమే.

నీకు ఏం తోస్తే అది చెయ్యి. కానీ ఎలాగైనా ఆవిడను మేళాకు రప్పించు. బతిమాలుకుంటున్నాను.

బుద్ధి తెచ్చుకున్న,
మరదలు

ఆగస్టు 18, సోమవారం

మరదలికి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. ఇంకా కోపంగానే ఉన్నావనుకుంటున్నాను. ఉండు. ఇది చదివాక కూడా ఉండగలవేమో చూస్తాను.

మేళా శనివారం మొదలైంది. హాలంతా బల్లలు, బల్లల మధ్య నడవడానికి పక్కకి తిరగాలి. ఒక చోట నలుగురు కలిసి కొండెక్కే ఆట, గెలిస్తే అందరూ గెలుస్తారు, లేకపోతే అందరూ జారిపడతారు. వాళ్ళు జారిపడిన ప్రతిసారీ హాలంతా అయ్యో అంటుంది. ఇంకో చోట ఒకావిడ కొత్త ఆట నియమాలు పైకి చదువుతుంటే ఆమె భర్త ప్రతి వాక్యానికీ “అలాగే” అంటున్నాడు. ఇంట్లో కూడా ఇంతేనట. ఎక్కడైనా ఒక మనిషి తక్కువైతే బల్ల మీద ఎర్ర గ్లాసు బోర్లిస్తారు. అది చూసి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, నువ్వెవరని ఎవరూ అడగరు. ఇంతకన్నా మంచి ఏర్పాటు నేనెక్కడా చూడలేదు. పెళ్ళిళ్ళలో కూడా పెట్టాలి. నేను ఎన్ని ఎర్ర గ్లాసుల దగ్గర కూర్చున్నానో, ఎన్నిచోట్ల ఓడిపోయానో. దవడలు నొప్పిపెట్టేలా నవ్వాను.

కానీ మీ బల్ల ఖాళీగా ఉంది. తాళాలక్క రాలేదు. శనివారమంతా చూశాను.

ఆదివారం పొద్దున మీ అన్నయ్య పుణ్యం కట్టుకున్నారు. ఆటల బీరువా తీయమంటే తాళంచెవిని తప్పు వైపు తిప్పి విరగ్గొట్టారు. సగం ఆటలు లోపల, జనం బయట. కావాలని చేశారేమోనని నేను మురిసిపోయేలోపే “చెవి నాసిరకం” అని గొణిగారు. కావాలని కాదు. కండక్టరు గారు తాళాలక్కకు కబురు పెట్టారు. ఆటకైతే రానన్న మనిషి, పని అంటే వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా పెట్టె తెరిచి బీరువా ముందు కూర్చుంది.

నాకు అదే సందు దొరికింది. ఆ అచ్చుల్లోంచి పాత బిళ్ళలు మళ్ళీ పోశాను మరి. నా దగ్గరున్నది కట్టుడు పళ్ళ చిగుళ్ళకు వాడే సరుకే, కాబట్టి బిళ్ళలన్నీ గులాబిరంగులో వచ్చాయి, చూస్తే నవ్వొస్తుంది. అయితేనేం, ప్రతి పెచ్చూ ప్రతి పగులూ దిగింది. సంచిలో వేసి బల్ల మీద పెట్టి, క్లబ్బు పాతకాపులందరినీ పిలిచి “కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి వంతెన తీయండి” అన్నాను.

కండక్టరు గారు పెట్టారు. వంతెన. ఆయనే బిత్తరపోయారు. కొండెక్కే ఆట బల్ల దగ్గర్నుంచి వచ్చినావిడ పెట్టింది. వంతెన. తీసిన వంతెనల్ని మళ్ళీ సంచిలో వేసి, క్యాషియరు గారిని పిలిచాను. వద్దు వద్దంటూనే పెట్టాడు. వంతెన. “ఇంకోటి” అన్నాను. వంతెన. “ఇంకోటి.” మళ్ళీ వంతెనే. చెయ్యి బయటికి తీసి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మరి ఇన్నేళ్ళూ అందరూ అదే సంచిలో చేతులు పెట్టినవాళ్ళేగా.

బీరువా దగ్గర్నుంచి తాళాలక్క గొంతు వినబడింది.

“అన్నీ తెలిసినవాడివి, మరి ఇన్నేళ్ళూ ఎందుకు ఓడిపోయావయ్యా?”

“తీయడం వచ్చక్కా,” అన్నాడు క్యాషియరు గారు నేల చూస్తూ, “పేర్చడం రాదు.”

మొదట కండక్టరు గారికి నవ్వాగలేదు. తర్వాత హాలంతా. క్యాషియరు గారు బీరువా దాకా వెళ్ళి “ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానక్కా” అన్నాడు. “వెనక్కి తీసుకోవడానికి ఇదేమన్నా మీ బ్యాంకా” అంటూ ఆవిడ బీరువా తలుపు తెరిచింది. కానీ నవ్వుతూనే అంది. చేతులు గుడ్డకు తుడుచుకుని, గులాబి బిళ్ళల సంచి దగ్గరికి వచ్చి చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. ఏమీ తీయలేదు. కళ్ళు మాత్రం తడయ్యాయి. “ఇదిగో, టీ మరక” అంది.

తర్వాత నున్నటి బిళ్ళల సంచి పట్టుకుని మీ బల్ల దగ్గర కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఎర్ర గ్లాసులు బోర్లించాను. ఆట పేరు కూడా ఎరగని తల్లీకూతుళ్ళు వచ్చారు. వాళ్ళకు నేర్పించి, వాళ్ళ చేతిలోనే చిత్తుగా ఓడిపోయాం. “చెయ్యి పెడితే ఏమొస్తుందో తెలియలేదు పళ్ళమ్మా. భయమేసింది. భలే ఉంది” అంది. సాయంత్రం దాకా ఆ బల్ల వదల్లేదు. పలక మీద పేర్లు చెరపలేదు. కండక్టరు గారు అసలు ఆ కబురు వినబడనట్టే ఊరుకున్నారట.

గులాబి సంచి నీకు పంపమంది తనే. “దానికి అక్కడ మబ్బులు తప్ప ఏమున్నాయి” అంది. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆపరేటరు గారికి నేర్పించు.

ఓడిపోయి సుఖంగా ఉన్న,
వదిన

ఆగస్టు 27, బుధవారం

వదినా,

సోమవారం దారి తీశారు, వ్యాను ఆ రోజే వచ్చింది. నీ ఉత్తరమూ పొట్లమూ ఒకేసారి వచ్చాయి. నా పాత ఉత్తరం కూడా ఈపాటికి నీకు అందే ఉంటుంది. ఆలస్యంగా వచ్చినా చదువు, అందులో ఉన్నది నిజం.

క్యాషియరు గారి దగ్గరికి వచ్చేసరికి ఎంత నవ్వానంటే ఆపరేటరు గారు తొంగిచూసి “వాతావరణం బాగుందా” అన్నారు. సంచి తీసి, కళ్ళు మూసుకుని, చెయ్యి పెట్టాను. అందరి చేతులకూ తెలిశాయిగా, నాకు తెలియవా అనుకున్నాను.

ఒక్కటీ తెలియలేదు వదినా. రోడ్డు వచ్చింది, మళ్ళీ రోడ్డు, తర్వాత ఏరు. టీలో ఉబ్బింది ఏదో, కొరికింది ఏదో నా వేళ్ళకు అంతుపట్టలేదు. అన్నీ పరాయిగానే ఉన్నాయి. నాకు దుఃఖమొచ్చింది. అంతమందిలోనూ ఆ ఆట నాకొక్కదానికే చెందలేదనిపించింది. ఆపరేటరు గారు పక్కన కూర్చుని ఏమీ మాట్లాడలేదు. ఆయన వాతావరణం గురించి కూడా మాట్లాడకపోవడం అదే మొదటిసారి.

నిన్న పొద్దున్న బెలూను వదులుతుంటే తట్టింది. నేను ఆ సంచిలో ఎప్పుడూ చెయ్యే పెట్టలేదు. తీసేది ఆవిడ, పేర్చేది నేను. ఆవిడ కళ్ళు పైకెత్తి తడుముతుంటే నేను ఆవిడ మొహం చూస్తూ కూర్చునేదాన్ని. రోడ్డు తగిలితే చెంప బిగుస్తుంది. ఏరు తగిలితే ముక్కు ఎగబీలుస్తుంది. వంతెన తగిలితే కింది పెదవి లోపలికి వెళ్ళిపోతుంది, చిన్నపిల్ల మిఠాయి దాచుకున్నట్టు. చెయ్యి బయటికి రాకముందే నేను బల్ల మీద దానికి చోటు చూసి పెట్టేసేదాన్ని. మీ వేళ్ళకు బిళ్ళలు తెలిసినట్టు నాకు ఆ మొహం తెలుసు. నా ఆటంతా అదే.

అది నువ్వు అచ్చు తీసి పంపగలిగేది కాదు. అందుకని నిన్ననే సెలవు అడిగాను. ఇచ్చారు. శనివారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను, క్లబ్బు మొదలయ్యేసరికి అక్కడ ఉంటాను. నువ్వు కుర్చీలోంచి లేవకు. నేను ఎదురుగా కూర్చుంటాను, అక్కడి నుంచైతే ఆవిడ మొహం ఇంకా బాగా కనబడుతుంది.

వస్తున్నట్టు ఆవిడకు ముందే చెప్పు. చెప్పకుండా వచ్చి అదరగొట్టాలని లేదు నాకు. నా కోసం ఒకరు మెట్ల వైపు చూస్తూ కూర్చోవాలని ఉంది.

మీ,
మరదలు